కుడి భుజం మీది కాయ

రిటైరవడానికి రెండేళ్ల ముందు, ఒక వానాకాలం మొదట్లో, ఆసుపత్రి డ్యూటీకి తోడు కొండల అడుగున ఉన్న ఒక సబ్‌జైలు కూడా నా నెత్తిన పెట్టారు. ఊరి పేరు అనవసరం. వారానికి రెండు పూటలు వెళ్లి, ఖైదీలను వరుసలో నిలబెట్టి చూసి, రిజిస్టర్లో సంతకం పెట్టి రావాలి. ఎక్కువమంది శిక్ష పడనివాళ్లు, విచారణ ఖైదీలు.

జైలు గుండెకు మంచి చోటు కాదు. రోజంతా కొండలెక్కి దిగిన మనిషి అక్కడ సాయంత్రం నుంచి తెల్లారేదాకా లాకప్‌లో కూర్చుంటాడు. బీడీ దొరికితే చాలు, లాగుతాడు. ఇంటి దిగులు సరేసరి. ఖైదీ చేరిన రోజే బీపీ చూసి రాయాలని నియమం. రాసి ఊరుకునేవాళ్లం. ఈసీజీ మిషను లేదు. పెద్దాసుపత్రికి పంపాలంటే నేను రిఫరల్ రాయాలి, సూపరింటెండెంటు ఎస్కార్టు పోలీసుల కోసం ఉత్తరం పెట్టాలి, వాళ్లు దొరకాలి. ఛాతీనొప్పి అన్న ప్రతివాడూ ఆసుపత్రి మంచం కోసం నాటకమాడుతున్నాడని అందరికీ అనుమానం. నాకూ ఉండేది, దాచడం దేనికి.

సోమన్నది అనంతగిరి పైన ఒక గూడెం. యాభై దాటాయి. గంజాయి మోశాడని కేసు. బెయిల్ వచ్చినా జామీను నిలబడేవాళ్లు లేక లోపలే ఉన్నాడు. బోరు నుంచి వంటశాలకు కావిడితో నీళ్లు మోసే పని తనే అడిగి తీసుకున్నాడు. ఒక మంగళవారం వరుసలో నిలబడి, "ఎడం రెక్క పీకేత్తంది బాబూ. నీళ్లు మోత్తే వత్తాది, కూకుంటే పోతాది" అన్నాడు.

ఇప్పుడు తలుచుకుంటే, గుండెనొప్పిని ఇంత స్పష్టంగా ఏ డాక్టరూ చెప్పలేడు. పక్కనున్న హెడ్ వార్డరు, "కావిళ్లు మోసిన రెక్క సార్, ఆడికేటవుద్ది" అన్నాడు. కావిడి మోసేవాడికి భుజం నొప్పెట్టక ఏం చేస్తుందని నేనూ అనుకున్నాను. చొక్కా మీదనుంచే నొక్కి చూసి, పూతమందు రాసిచ్చి, నీళ్లు మొయ్యొద్దన్నాను. శుక్రవారం వచ్చి తగ్గిందన్నాడు. మొయ్యకపోతే తగ్గదా మరి! నా వైద్యానికి నేనే మురిసి, పని చేసుకోమన్నాను.

శనివారం పొద్దున బోరు దగ్గర కావిడి దించి, కూర్చుని, మళ్లీ లేవలేదు. నేను చేరేసరికే అయిపోయింది.

కస్టడీలో మరణం కాబట్టి మేజిస్ట్రేటు వచ్చి పంచనామా జరిపారు. ఒంటి మీది గుర్తులు ఒక్కొక్కటే చెప్పి రాయించారు. కుడి భుజం మీద కావిడి ఒరిసి కాసిన పెద్ద కాయ. ఎడమ భుజం నున్నగా ఉంది. పీకుతోందని అతను నాకు చెప్పింది ఎడం రెక్క.

ఎట్టకేలకు జామీనుకు మనుషులు దొరికి సోమవారం ఆ కాగితాలతో రావలసిన అతని భార్య, ఆదివారమే శవం కోసం వచ్చింది. ఎడమ వైపు ఎప్పుడైనా మోసేవాడా అని అడిగాను. "సిన్నప్పట్నుంచీ కుడి బుజమే బాబూ. ఎడం పక్క ఎప్పుడూ ఎత్తనేదు" అంది. ఎందుకడిగానో ఆవిడ అడగలేదు. నేను చెప్పలేదు. నా నివేదికలో గుండెపోటని, సకాలంలో వైద్యం అందిందని రాశాను. సిగ్గుచేటు.

ఆ తర్వాత ప్రతి ఖైదీ చేతా చొక్కా విప్పించే చూశాను. నొప్పి దేంతో వస్తుంది, దేంతో పోతుంది అని అడిగాను. రాసిన రిఫరల్స్ చాలావరకు ఎస్కార్టు లేదని తిరిగొచ్చాయి. నేను రిటైరయ్యేదాకా ఈసీజీ మిషను రాలేదు. నేర్చుకున్నది ఇంతే: చొక్కా విప్పించి చూడడానికి ఒక నిమిషం పడుతుంది. ఆ మంగళవారం కూడా నా దగ్గర ఆ నిమిషం ఉంది.