పాస్‌వర్డ్ చెప్పినందుకు పోలీసుల ముందు

ఇవాళ మధ్యాహ్నం మా బందరు నెట్ సెంటర్ ఓనరు ఫోన్ చేశారు. "మేడం గారూ, ఒకసారి రండి. పోలీసులొచ్చారు."

వెంటనే బయల్దేరాను. అక్కడ వైఫై కలపగానే లాగిన్ పేజీ వస్తుంది. పేరు, పాస్‌వర్డ్ కొడితేగానీ నెట్ రాదు. నిన్న ల్యాప్‌టాప్‌తో వచ్చిన నాగాయలంక అమ్మాయికి ఆ పేజీ ఎంతకీ కదల్లేదు. కొత్తవాళ్లకి పాస్‌వర్డ్ ఇచ్చే ఓనరు భోజనానికి వెళ్లారు. ఉద్యోగం దరఖాస్తుకు అదే ఆఖరి రోజని ఆమె ఏడుపు మొహం పెడితే, నా పనైపోయింది కదా అని నా పేరూ పాస్‌వర్డూ కొట్టుకోమని చెప్పి వచ్చేశాను.

"నిన్న రెండింటికి ఇక్కణ్ణించి బెదిరింపు మెయిల్ వెళ్లిందండీ. అప్పుడు లాగిన్‌లో మీ పేరూ ఉంది" అన్నారు కానిస్టేబుల్.

జరిగింది చెప్పాను. ఎవరు ఏ పేజీలు చూశారో ఆ లాగిన్ సాఫ్ట్‌వేర్ రాసిపెడుతుందట. ఓనరు అది వెతుకుతున్నంతసేపూ ఆ అమ్మాయిని మనసులో తిట్టని తిట్టు లేదు.

"ఆ టైములో మేడం పేరు మీద దరఖాస్తు పేజీ ఒక్కటే ఉందండీ, మెయిలేమీ లేదు" అన్నారు ఓనరు.

"సరే, మీరు వెళ్లండమ్మా" అన్నారు కానిస్టేబుల్.

పాస్‌వర్డ్ మార్చుకుని బయటపడ్డాను. ఆ అమ్మాయికి ఉద్యోగం రావాలి, పాపం. కానీ రేపు ఇంకెవరైనా అడిగితే ఇస్తానా? మీరైతే ఇస్తారా?