సైకస్ దగ్గరికి దారి

పొద్దున్నే కొండెక్కే ముందు అడవి కాపలాదారు చెప్పులు విప్పి చంకన పెట్టుకుంటాడు, వాటి ముద్రలు నేలమీద పడకూడదని. పైన రాళ్ల మధ్య ఒకే ఒక్క సైకస్ చెట్టు మిగిలింది. చూడటానికి పొట్టి ఈతచెట్టులా ఉంటుంది. ఒక మనిషి జీవితకాలంలో మోకాలెత్తు ఎదగడమే గగనం. మిగతావాటిని దొంగలు తోటల వాళ్లకు అమ్ముకోవడానికి వేళ్లతో సహా తవ్వుకుపోయారు. ఇదీ పోయిందేమోనన్న బెంగతో అతను రోజూ వెళ్లి మొదలు తడిమి చూస్తాడు. దిగేటప్పుడు కొమ్మతో తన అడుగులు చెరిపేస్తాడు. “చంటిపిల్లను కూడా ఇన్నిసార్లు చూడరు. నీ దిష్టే తగులుతుందయ్యా దానికి,” అని భార్య దెప్పుతుంది.

ఇవాళ పొగ కనిపించిందని ఎదురు కొండ ఎక్కాడు. అక్కడినుంచి తన కొండకేసి చూశాడు. పచ్చగడ్డి మధ్య సన్నటి మట్టిగీత ఒకటి తన గుడిసె దగ్గర మొదలై, ఎటూ తిరగకుండా సైకస్ దగ్గర ఆగింది. అడుగులైతే చెరిపాడు గాని, అరికాళ్ల కింద నలిగిన గడ్డి మళ్లీ మొలవలేదు. పరుగున గుడిసెకు చేరాడు.

“ఇప్పుడే ఎవరో ఇద్దరు గునపాలు పట్టుకుని పైకి పోయారు,” అంది భార్య.

“దారి నువ్వు చెప్పావా?”

“వాళ్లు అడిగితేగా!”

కాపలాదారు చెప్పులతోనే కొండెక్కాడు.