బుద్ధుడి వీపు

చైనా చక్రవర్తుల కాలం నాటి కంచు బుద్ధుణ్ణి ప్రదర్శనకు పెట్టారని తెలిసి వరంగల్ నుంచి చెన్నై మ్యూజియానికి వెళ్లాను. మూరెడు విగ్రహం, ఒళ్లంతా బంగారు పూత. అందరూ ముందు నిలబడి ఫోటోలు తీస్తుంటే, ఒక పెద్దావిడ మాత్రం అద్దాల పెట్టె వెనక వంగి చూస్తోంది. నేను ఫోన్‌లో తెలుగు మాట్లాడటం విని చెయ్యూపి పిలిచింది.

"ఈడికి రా నాయనా. వీపున గూడా ఎంత సమంగా పూసినాడో చూడు. రేకు అతికించింది గాదు. మా నాయన చేసేది గూడా ఈ పనే."

ఆమెది చెన్నైలోనే పురసవాక్కం. వాళ్ల నాన్న గుడి కలశాలకు బంగారు పూత వేసేవాడు. పాదరసంలో బంగారం కరిగించి పూసి, నిప్పుల సెగ చూపిస్తే పాదరసం పొగైపోయి బంగారం మిగులుతుందట.

"ఆ పొగకి మా నాయన చేతులు వణికేవి. కాఫీ గ్లాసు గూడా పట్టలేడు. పూసేటప్పుడు మాత్రం వణకవు. ఈ చైనా ఆయనకి గూడా వణికుంటాయి, పాపం."

బుద్ధుడికి దండం పెడుతుందనుకున్నాను. పెట్టలేదు. కొంగు సర్దుకుని ఆ వీపు పక్కనే నిటారుగా నిలబడింది.

"ఒక ఫోటో తియ్యి. మా నాయన పని, పక్కన నేను."

ఇంటికొచ్చాక అందరూ బుద్ధుడి ముఖం చూపించమన్నారు. నా దగ్గర ఉన్నది ఆమె ముఖం ఒక్కటే.