మొదటి లోటా శొంఠి కాఫీ

కృష్ణగిరి బస్‌స్టాండులో హోసూరు బస్సులు ఆగే చోట ఒక ముసలాయన సైకిల్ వెనక ఇత్తడి డబ్బా కట్టుకొని శొంఠి కాఫీ అమ్ముతాడు. ప్రతి శనివారం మధ్యాహ్నం ఆయన దగ్గర నా ఫ్లాస్కు నింపించుకుంటాను. మూత తీయగానే శొంఠి, మిరియం, తాటిబెల్లం కలిసిన ఆ ఘాటు ముక్కుకు తగులుతుంది. అంతే, నేను కృష్ణగిరిలో ఉండను. హోసూరులో, తళ్లి రోడ్డు పక్క సందులో, ఎస్తేరమ్మ టీచర్ ఇంటి వసారాలో ఉంటాను. వంటింట్లో కాఫీ మరుగుతూ ఉంటుంది, నేను గొంతు చించుకొని వాదిస్తూ ఉంటాను, ఆ కాఫీలో మొదటి లోటా నా చేతికి మాత్రం రాదు. ఎందుకు రాదో చెప్పాలంటే ఆవిడ గురించి చెప్పాలి. చెప్పడం నాకు ఇష్టం కూడా. అలాంటి మనిషితో నాలుగేళ్లపాటు ప్రతి ఆదివారం వాదించానని చెప్పుకోవడం నాకు గర్వంగా ఉంటుంది.

మాది మత్తూరు దగ్గర పల్లె. సేద్యం చేసుకునే కుటుంబం. మా నాన్న పొలం పని చేస్తూనే దేవుడు లేడని చెప్పే కరపత్రాలు తెచ్చి చదివేవాడు, నా చేత చదివించేవాడు. మా అమ్మ మాత్రం మొక్కు ప్రకారం నాకు దేవుడి పేరే, మంజునాథ అని పెట్టింది. ఇరవైమూడేళ్లకు హోసూరులో ఒక కార్ఖానాలో తనిఖీ విభాగంలో ఉద్యోగం వచ్చి, గది కోసం వెతుకుతూ ఎస్తేరమ్మ టీచర్ మేడ మీది గది చూడటానికి వెళ్లాను. ఆవిడ తెలుగు మీడియం బడిలో సైన్సు టీచరు. గోడ మీద సిలువ కనిపించింది. తరువాత గొడవ రాకూడదని గుమ్మంలోనే చెప్పేశాను.

"టీచరమ్మా, ముందే చెప్తా ఉండాను. నేను దేవుడు లేడనేవాణ్ణి."

"లేకపోతే లేకపోనీలే. బిందెలు రెండుండాయా? ఈడ నీళ్లు రెండు దినాలకొకసారి వస్తాయి," అన్నారావిడ. తరువాత పేరు అడిగారు. చెప్పగానే పమిట కొంగు నోటికి అడ్డం పెట్టుకొని నవ్వారు. "మంజునాథుడే వచ్చి దేవుడు లేడంటే నేనేం చేసేదప్పా?" అన్నారు. ఆ రోజు నుంచి ఆవిడకు నేను మంజప్పను.

ఆవిడ భర్త సామ్యేలు గారు గ్రానైటు లారీ తోలేవారట. నేను అక్కడికి చేరేసరికే ఆయన పోయి అయిదేళ్లు. పిల్లలు లేరు. ఆదివారం పొద్దున చర్చిలో పిల్లలకు వాక్యం చెప్పే తరగతి ఒకటి ఆవిడ చేతిలో ఉండేది. దాదాపు ముప్పై ఏళ్లుగా ఆ తరగతి ఆవిడదే. వారమంతా దానికోసం రంగు కాగితాలు కత్తిరించి, బొమ్మలు అతికించి, పిల్లల పేర్లు ఒక్కొక్కటే తలుచుకుంటూ కూర్చునేవారు. ఆ తరగతి ఆవిడకు ఎంత ముఖ్యమో మేడ మీద ఉండే నాకు తెలిసినట్టు ఇంకెవరికీ తెలియదు.

ఆదివారం మూడు గంటలకు వసారాలో చాప పరిచేవారు. చర్చివాళ్లు ఇద్దరు ముగ్గురు వచ్చేవారు, కార్ఖానా నుంచి నాలాంటి నమ్మని కుర్రాళ్లు ఇద్దరు ముగ్గురు వచ్చేవాళ్లం. అడగకూడని ప్రశ్న లేదు. కానీ ఒక కట్టుబాటు ఉంది. పొయ్యి మీద శొంఠి కాఫీ పెట్టి వచ్చి కూర్చునేవారు. మాటల్లో ఎవరు ముందుగా, నిజంగా, "ఇది నాకు తెలీదు" అంటారో వాళ్లకు మొదటి లోటా. ఎవరూ అనకపోతే ఎవరికీ కాఫీ లేదు. నమ్మేవాళ్లూ నమ్మనివాళ్లూ ఈ ఒక్క విషయంలో అన్నదమ్ముల్లా ఉండేవాళ్లం, ఎవరి నోటా ఆ మాట వచ్చేది కాదు. కాఫీ మరిగి మరిగి గిన్నె అడుగంటేది. చివరికి ఆవిడే జాలిపడి, "సరే, నాకు తెలీదప్పా," అని ఏదో ఒక ప్రశ్నకు ఒప్పుకొని, మొదటి లోటా తానే తాగి మాకు మిగిలింది పోసేవారు. అడుగున శొంఠి మడ్డి ఉన్న లోటా ఎప్పుడూ నాకే వచ్చేది.

ఒకసారి నేను పెద్ద ఆయుధం పట్టుకొని దిగాను. పునరుత్థానం గురించి బైబిల్లో నలుగురు నాలుగు రకాలుగా రాశారు, సమాధి దగ్గరికి ఎవరు వెళ్లారో, అక్కడ ఎవరిని చూశారో పొంతన లేదు అని కాగితం మీద రాసుకొచ్చి చదివాను. ఆవిడ చిక్కుడుకాయలు ఒలుస్తూ విన్నారు.

"పరీక్షలో నలుగురు పిల్లోళ్లు అక్షరం పొల్లుపోకుండా ఒకే జవాబు రాస్తే నేనేమంటాను?"

"కాపీ కొట్టినారంటారు."

"నలుగురూ వేరేవేరేగా రాస్తే?"

"ముగ్గురికి మార్కులు కట్ చేస్తారు," అన్నాను వెంటనే.

ఆవిడ చేతిలో చిక్కుడుకాయ పక్కన పెట్టి మనసారా నవ్వారు. "బాగా పట్టినావు. దీనికి నేను వచ్చే వారం చెప్తాను," అన్నారు. వచ్చే వారం నిజంగానే నాలుగు పేజీలు రాసుకొని వచ్చారు. నేను ఒప్పుకోలేదు, ఆవిడా వదల్లేదు. నా మాటను ఒక మనిషి అంత మర్యాదగా వారమంతా మోశారన్న సంగతి అప్పుడు నాకు తట్టలేదు.

నాలుగో ఏడు వానాకాలంలో నాకు జ్వరం వస్తే ఆవిడ కిందికి పిలిచి వంటింట్లో కూర్చోబెట్టి గంజి పోశారు. ఏదో మాట మీద సామ్యేలు గారి ప్రస్తావన వచ్చింది. "పదకొండు దినాలు చర్చంతా ఉపవాసముండి ప్రార్థన చేసిందప్పా ఆయన కోసం. లేచి నడుస్తాడని అందరూ చెప్పినారు. పన్నెండో దినం పోయినాడు. ప్రభువు ఎందుకు వినలేదో నాకు తెలీదు. వింటాడని మాత్రం నమ్ముతాను. ఈ రెండూ ఒకే కడుపులో పెట్టుకొని బతుకుతా ఉండాను," అన్నారు. ఇంకో గరిటె గంజి పోసి, పచ్చడి కావాలా అని అడిగారు.

ఆ మాట నేను ఏం చేశానో రాయాలంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది. ఆ సంవత్సరమే బాగలూరు రోడ్డులో ఒక కల్యాణ మంటపంలో కొందరు కుర్రాళ్లు చర్చావేదిక పెట్టారు. దేవుడు ప్రార్థన వింటాడా అన్నది విషయం. నమ్మేవాళ్ల తరఫున చివర మాట్లాడాల్సింది ఎస్తేరమ్మ టీచర్. ఆవిడకు ముందు నేను. హాలు నిండిపోయింది. ముందు వరసలో చర్చి పెద్ద దేవసహాయం గారు, పోస్టాఫీసులో పనిచేసి రిటైరైన మనిషి, చేతులు కట్టుకొని కూర్చున్నారు. నా మాటలకు చప్పట్లు సరిగా పడటం లేదు. నాకు ఓడిపోతానేమో అని భయమేసింది. "మన ఊళ్లోనే, ముప్పై ఏండ్లుగా పిల్లోళ్లకు వాక్యం చెప్పే టీచరమ్మ ఒకామె ఉండాది. మొగుడి కోసం పదకొండు దినాలు ప్రార్థన చేసినా దేవుడు ఎందుకు వినలేదో తనకే తెలీదని నాతో చెప్పింది," అనేశాను. తలలన్నీ ఆవిడ వైపు తిరిగాయి. చప్పట్లు మోగిపోయాయి. దేవసహాయం గారి ముఖం నల్లబడింది.

ఆవిడ మెల్లగా మైకు దగ్గరికి వచ్చారు. రాసుకొచ్చిన కాగితాలు మడిచి సంచిలో పెట్టేశారు. "మంజునాథ చెప్పింది నిజమే. ఆ మాట నేనే అన్నాను. ఎందుకు వినలేదో తెలిసినవాళ్లు ఈడ ఎవరన్నా ఉంటే లేచి చెప్పండప్పా. తొమ్మిదేండ్లుగా కాచుకోనుండాను," అన్నారు. ఇటువైపు, అటువైపు, ఒక్కరూ లేవలేదు. అప్పుడు నా వైపు తిరిగి, "నీకు తెలుసునా మంజప్పా?" అని అడిగారు.

"వినేవాడుంటే కదా టీచరమ్మా, వినేదానికి," అన్నాను. ఈలలు పడ్డాయి.

"సరే. కాఫీ ఇంకా పొయ్యి మీదే ఉండాది," అని వెళ్లి కూర్చున్నారు. ఆదివారం వసారాకు వచ్చేవాళ్లకు తప్ప హాల్లో ఆ మాట ఎవరికీ అర్థం కాలేదు.

పై ఆదివారం ఆవిడ చర్చికి వెళ్లి పది నిమిషాల్లో తిరిగి వచ్చారు. చేతిలో రంగు కాగితాల సంచి అలాగే ఉంది. చర్చి పెద్దలు తరగతి ఇంకొకరికి ఇచ్చారని పక్కింటివాళ్లు చెప్పారు. దుఃఖంలో నోరు జారానని, తనకు ఏ సందేహమూ లేదని ఒక కాగితం రాసి సంతకం పెడితే తిరిగి ఇస్తామన్నారట. నేను కిందికి దిగి గుమ్మంలో నిలబడ్డాను.

"ఏం కావాలండీ?" అన్నారావిడ. నాలుగేళ్లలో నన్ను 'అండీ' అనడం అదే మొదలు. చెంప మీద కొట్టినా అంత బాధ ఉండేది కాదు.

"తప్పయిపోయింది టీచరమ్మా," అన్నాను.

ఆవిడ రంగు కాగితాల సంచి గోడకు తగిలించారు. తరువాత, "నాకు కోపంగా ఉండాది. దాచను. నువ్వు చెప్పింది అబద్ధం కాదు. అది వంటింట్లో, జ్వరమొచ్చిన బిడ్డకు గంజి పోస్తా చెప్పిన మాట. దాన్ని తీసుకుపోయి మైకులో పెట్టినావు," అన్నారు.

"ఆ కాగితం రాసిచ్చేయండి. నాలుగు లైన్లే కదా."

"అబద్ధం చెప్పొద్దని పిల్లోళ్లకు ఆ కుర్చీలో కూర్చొనే కదప్పా నేర్పించినాను. ఆ కుర్చీ కోసం అబద్ధం రాసిచ్చేదా?" అన్నారు. మళ్లీ 'అప్పా' అన్నందుకు నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి.

నేను నేరుగా దేవసహాయం గారింటికి వెళ్లాను. ఆయన గేటు తీయకుండానే, "దేవుడు లేడనేవాడివి, మా పిల్లోళ్ల తరగతితో నీకేం పని?" అన్నారు. న్యాయమైన ప్రశ్నే.

"ఆ పిల్లోళ్లు పెద్దయినాక నాలాంటోళ్లతో వాదించాల్సొస్తుంది సార్. వేరే ఎవరి దగ్గరో నేర్చుకోనొస్తే అయిదు నిమిషాల్లో ఓడిస్తాను. ఈమెతో నాలుగేండ్లుగా వాదిస్తా ఉండాను, నావల్ల కాలేదు," అన్నాను. హాల్లో అందరి ముందు చెప్పాల్సిన మాట గేటు ముందు చెప్పాను. ఆయన లోపలికి వెళ్లిపోయారు.

ఆ పై ఆదివారం మూడు గంటలకు దేవసహాయం గారు టీచర్ వసారాలోకి వచ్చి చాప మీద కూర్చున్నారు. ఎప్పుడూ రాని మనిషి. ఆ రోజు టీచర్ కూడా జాలిపడలేదు, కాఫీ పొయ్యి మీదే చల్లారిపోయింది. రెండో ఆదివారమూ అంతే. మూడో ఆదివారం ఆయన తల వంచుకొని చాప ఈనె పీకుతూ, "సామ్యేలు కోసం ముందర నిలబడి ప్రార్థన చేసినది నేనే. లేచి నడుస్తాడని చెప్పినది నేనే. ఎందుకు అట్లయిందో నాకూ తెలీదు టీచరమ్మా. తెలిసినట్టే ఇన్నేండ్లు తిరగతా ఉండాను," అన్నారు. ఆవిడ లేచి లోపలికి వెళ్లారు. మొదటి లోటా తెచ్చి ఆయన ముందు పట్టుకున్నారు. ఆయన రెండు చేతులతో అందుకున్నారు. ఇద్దరూ ఏడుస్తున్నారు, నేను మాత్రం రోడ్డు మీద పోయే ఆటోల వైపు చూస్తూ కూర్చున్నాను.

నెల తిరక్కుండా తరగతి ఆవిడకు తిరిగి వచ్చింది. కాగితం ఎవరూ అడగలేదు. ఆ ఆదివారం నేను జీవితంలో మొదటిసారి చర్చికి వెళ్లి కిటికీ బయట నిలబడి చూశాను. ఒక చిన్న పిల్ల లేచి, "మిస్, మా తాతకు నేను ప్రార్థన చేసినా నయం కాలేదు, ఎందుకు?" అని అడిగింది. ఆవిడ ఆ పిల్లను ఒళ్లో కూర్చోబెట్టుకొని, "నాకు తెలీదు బంగారూ. మనం ఇద్దరమూ కలిసి అడగదాం," అన్నారు. చర్చిలో అందరికీ వినిపించేటట్టు, ఆమె మా టీచరమ్మ అని అరిచి చెప్పాలనిపించింది.

తరువాత నేను ఉద్యోగం మారి కృష్ణగిరిలో పాలిటెక్నిక్‌లో పాఠాలు చెప్పడానికి వచ్చాను. చాలా ఏళ్లకు ఆవిడ కూడా ఒంట్లో ఓపిక తగ్గి కృష్ణగిరిలోనే చెల్లెలి కూతురి ఇంటికి చేరారు. శనివారాలు వెళ్లి వాదించి వచ్చేవాణ్ణి. ఒక సాయంత్రం కుర్చీలో వెనక్కి వాలి, "నేను పోయినాక యాడికి పోతాను, చెప్పు మంజప్పా," అన్నారు. ఆటపట్టించే గొంతే.

ఎక్కడికీ పోరు అన్న జవాబు నా దగ్గర చిన్నప్పటి నుంచి సిద్ధంగా ఉంది. ఎన్ని వేదికల మీద చెప్పానో లెక్కలేదు. ఆ రోజు నోరు తెరిచాక, ఆ జవాబును నేను ఒక్కసారైనా తనిఖీ చేయలేదని అర్థమైంది.

"తెలీదు టీచరమ్మా."

ఆవిడ కళ్లద్దాలు సర్దుకొని నన్ను పరీక్షగా చూశారు. "ముసలిదాన్నని జాలిపడి చెప్తా ఉండావా?"

"లేదు. ఏమీ ఉండదనే అనుకుంటాను. ఇప్పుడూ అదే అనుకుంటా ఉండాను. తెలుసు అని మాత్రం చెప్పలేను."

ఆవిడ లోపలికి వినబడేటట్టు, "శొంఠి కాఫీ పెట్టమ్మా," అని కేకేశారు. "మొదటి లోటా మంజప్పకు. ఇరవై ఏండ్లు పట్టింది వీనికి." మడ్డి లేని శొంఠి కాఫీ అంత కమ్మగా ఉంటుందని నాకు ఆ రోజు తెలిసింది. నాలుగు నెలలకు ఆవిడ పోయారు. సమాధి దగ్గర దేవసహాయం గారు చెయ్యి పట్టి నన్ను ముందుకు లాగి, తన పక్కనే నిలబెట్టుకొని ప్రార్థన చేశారు. నేను కళ్లు మూసుకోలేదు, ఆయన చెయ్యి వదల్లేదు.

ఇప్పుడు ప్రతి శనివారం కాలేజీలో నా గదిలో పిల్లలు వాదించుకోవడానికి వస్తారు. నమ్మేవాళ్లు, నమ్మనివాళ్లు. ఫ్లాస్కు బల్ల మీద ఉంటుంది. టీచరమ్మ గురించి, ఆవిడ కట్టుబాటు గురించి చెప్పాను, మూత ఎప్పుడు తీయాలో వాళ్లకు తెలుసు. పోయిన వారం వాదం ముదిరి గంటన్నర దాటినా ఎవరూ దిగిరాలేదు. చివరికి ఒక అమ్మాయి విసుగొచ్చి నా వైపు తిరిగి, "సార్, ఆ టీచరమ్మ ఇప్పుడు యాడుండారు? మీరు చెప్పండి," అని అడిగింది.

"నాకు తెలీదమ్మా," అన్నాను.

ఆ అమ్మాయి ఇంకేమీ అడగకుండా ఫ్లాస్కు మూత తీసి, మొదటి లోటా నా ముందు పెట్టింది.