అందిందండి, మీరు కులాసానా?

ఆ రోజుల్లో ఉత్తరం అందుకుని జవాబు రాయకపోవడమంటే మా వైపు మహా అమర్యాద. పిలిచిన పెళ్ళికి రాకపోతే జ్వరమొచ్చిందేమోలే అని సర్దుకునేవారు గాని, జవాబు రాయనివాణ్ణి మాత్రం పెంపకం దగ్గర్నుంచి మొదలుపెట్టి తిట్టుకునేవారు. ఏలూరు నుంచి కొల్లేరు లంకల దాకా మనుషులు ఇంత మర్యాదస్తులని తెలిసి కూడా, వాళ్ళందరినీ తీసుకెళ్ళి ఒకే మెయిలింగ్ లిస్టులో కూర్చోబెట్టిన మహానుభావుణ్ణి నేనే. ఇప్పుడు తలుచుకుంటే నవ్వొస్తుంది. అప్పుడు మాత్రం రోడ్డు మీద తాడేపల్లిగూడెం బస్సు కనిపిస్తే చాలు, పక్క సందులోకి తప్పుకునేవాణ్ణి.

ఆ బస్సుకీ నాకూ వైరమేమిటంటారా? పదో తరగతి నన్ను రెండుసార్లు చూసి, ఇక చాలనుకుంది. నాన్నకి గూడెంలో ఉల్లిపాయల టోకు కొట్టు. చదువు అబ్బనివాడికి కాటా ఉండనే ఉందని ఆయన ధీమా. ఉల్లిపాయలు తరిగేవాళ్ళే ఏడుస్తారని లోకం అనుకుంటుంది గాని, బస్తాలు దింపేవాడి ఏడుపు ఎవరికి కావాలి? అందుకే మా మావయ్య ఏలూరులో నెట్ సెంటర్ పెట్టగానే అమ్మ చేత చెప్పించుకుని అందులో చేరిపోయాను. చల్లటి గది, తిరిగే కుర్చీ, నన్ను "సార్" అని పిలిచే కాలేజీ పిల్లలు (వాళ్ళంతా పది పాసైనవాళ్ళే). నాన్న ఒకటే షరతు పెట్టారు. "వీడు పనికిరాడు" అనే మాట మావయ్య నోటి వెంట ఒక్కసారి వచ్చిందా, ఆ పూటే బస్సెక్కి వచ్చి కాటా ముందు కూర్చోవాలి.

మా సెంటర్‌కి అన్నిటికంటే పెద్ద ఖాతాదారు కొల్లేరు వైపు చేపల చెరువుల రైతుల సంఘం. దాని ప్రెసిడెంటు గారిది తెల్ల పంచె, తెల్ల చొక్కా, నల్ల మీసం (మీసం నలుపు మాత్రం సొంతం కాదని మావయ్య అనేవాడు). ఆయన ఓసారి బెజవాడలో ఏదో మీటింగుకి వెళ్ళొచ్చి, ఒక్క ఉత్తరం కొడితే సంఘంలో అందరికీ ఒకేసారి చేరే ఏర్పాటు ఉందట, మనకీ అలాంటిది కావాలండీ అన్నారు. మావయ్య నా వైపు చూశాడు. తెలియదు అనే మాట నా జాతకంలో లేదు. "దానిదేముందండీ, సాయంత్రానికి పెట్టేస్తాను" అనేశాను. అప్పటికి మెయిలింగ్ లిస్టంటే పోస్టాఫీసు గోడకి అంటించే కాగితమనే అనుకుంటున్నాను. ఆయన వెళ్ళాక మావయ్య మెల్లగా చెప్పాడు. "ఒరేయ్, ఈయన మన గుమ్మం దిగాడంటే సంఘం మొత్తం దిగిపోతుంది. ఆ తర్వాత మీ నాన్నకి ఏం చెప్పాలో నాకు బాగా తెలుసు."

సాయంత్రానికి అనుకున్నది చాలా రోజులు పట్టింది. ముందు రైతులందరికీ ఈమెయిలు ఐడీలు చెయ్యాలి కదా. పాస్‌వర్డ్ రహస్యంగా ఉంచుకోవాలండీ అని నేను గుసగుసగా చెబితే, వాళ్ళు పక్క వీధికి వినపడేలా చెప్పేవారు. ఒకాయన వాళ్ళావిడ పేరే పెట్టమని, ఆ సంగతి ఆవిడకి మాత్రం తెలియనివ్వద్దని బతిమాలారు. చివర్లో ప్రెసిడెంటు గారు ఒక పేరు దగ్గర ఆగారు. అది ఆయన సొంత బావగారి పేరు, చెల్లెలి భర్త. ఇద్దరి చెరువులకీ మధ్య ఒకటే గట్టు. ఆ గట్టు ఎవరు ఎటు జరిపారన్న తగవుతో మాటల్లేక ఏళ్ళయింది. చుట్టాల పెళ్ళిళ్ళలో ఒకాయన మొదటి బంతిలో తింటే రెండో ఆయన ఆఖరి బంతి దాకా ఆకలితో కాచుకునేవారు. "సంఘంలో ఉన్నాడు, తియ్యడానికి లేదు. వెయ్యి. కానీ నేను ఆయనకి రాసినట్టు మాత్రం ఉండకూడదబ్బాయ్" అన్నారు. అలాగేనండి అన్నాను. నేను దేనికి కాదన్నాను గనక.

లిస్టు పెట్టేటప్పుడు వెబ్‌సైటు వాడు ఒక ప్రశ్న అడిగాడు. ఎవరైనా జవాబు రాస్తే అది మొదట ఉత్తరం రాసినవాడికొక్కడికే వెళ్ళాలా, అందరికీ వెళ్ళాలా? నేను గోదావరి జిల్లావాణ్ణి. పంక్తిలో ఒకడికి గారెలు వడ్డించి పక్కవాణ్ణి వదిలేస్తామా? "అందరికీ" అన్నదాని మీద టిక్కు పెట్టాను. ఆపైన ప్రెసిడెంటు గారి పేరు మీద మొదటి ఉత్తరం నేనే రాశాను. "అందరికీ నమస్కారమండి. ఇది అందినట్టు తెలియజేయగలరు."

తెలియజేశారు. మర్నాడు మధ్యాహ్నానికి ఆకివీడు నుంచీ, భీమడోలు నుంచీ, మా సెంటర్లో నా వెనకే కూర్చున్నవాళ్ళ నుంచీ "అందిందండి, మీరు కులాసానా?" అని మొదలైంది. ఒకరు రాసింది అందరికీ వెళ్ళింది. చదివిన ప్రతివాడూ పాపం ఆయనెవరో పనిగట్టుకుని నన్నే అడిగాడనుకుని "మేం కులాసానండి, తమరో?" అని రాశాడు. అదీ అందరికీ వెళ్ళింది. అన్నీ ఇంగ్లీషు అక్షరాల్లో రాసిన తెలుగు కావడంతో చేపలు కాస్తా చెప్పులయ్యేవి. మీ చెప్పులు ఎలా ఎదుగుతున్నాయండీ అని ఒకాయన అడిగితే, దేవుడి దయవల్ల కేజీ దాటాయండీ అని ఇంకొకాయన సంతోషించారు. ఎవరూ ఆపరు. ఆపితే మర్యాద కాదు. ఇక లాభం లేదని, దయచేసి ఇకమీదట ఎవరూ జవాబులు రాయవద్దండి అని లిస్టుకి రాశాను. దానికి ఊరూరి నుంచీ జవాబులొచ్చాయి. "అలాగేనండి, రాయమండి."

ఈ కులాసాల కింద ప్రెసిడెంటు గారి డబ్బా నిండిపోయింది. ఆ రోజుల్లో ఈమెయిలు డబ్బాలు మరీ చిన్నవి, అగ్గిపెట్టెలో సంసారంలా ఉండేవి. కలకత్తా చేపల వ్యాపారి రాసిన ఉత్తరం చోటు లేక వెనక్కి పోయిందట. ఆ వ్యాపారి ప్రెసిడెంటు గారికి ఫోను చేసి, మీరు మాతో వ్యాపారం మానేశారా అని అడిగాడట. ఈ కబురు మావయ్య విన్నాడు. ఫోను దగ్గరికి జరుపుకుని, ప్రెసిడెంటు గారు వచ్చి ఏమంటారో విని మీ నాన్నతో మాట్లాడతాను అన్నాడు. నేను నా రెండు చొక్కాలూ ఉతుక్కుని ఆరేసుకున్నాను.

ప్రెసిడెంటు గారు వచ్చారు. నమస్కారం పెడితే చూడలేదు. నేరుగా కంప్యూటరు ముందు కూర్చుని, డబ్బా తెరిపించి, ఒక ఉత్తరం మీద వేలు పెట్టి చదవమన్నారు. చదివాను. "అందిందండి. అందరూ కులాసానా? నీళ్ళు పచ్చబడుతున్నాయి, చెరువులు జాగ్రత్త." రాసింది బావగారు. నేను చేతులు జోడించాను.

"ఇది మీకని రాసింది కాదండీ. అందరికీ రాశారండి. తప్పు ఆయనది కూడా కాదండి."

"తెలుసయ్యా. అందరికీ అంటే అందులో నేను లేనా?"

మావయ్య ఫోను మీద నుంచి చెయ్యి తీశాడు. ప్రెసిడెంటు గారు కీబోర్డు దగ్గరికి లాక్కుని, ఒంటి వేలితో ఒక్కో అక్షరం వెతుక్కుంటూ టైపు చేశారు. "కులాసా బావగారూ. మీరో? మా చెల్లాయి మోకాలు ఎలా ఉంది?" పంపబోయి ఆగి, ఇది నొక్కితే అందరికీ వెళ్తుందా అని అడిగారు. వెళ్తుందండీ, కావాలంటే ఆయనొక్కరికే వెళ్ళేలా చేసిపెడతానండీ అని నేను ముందుకు దూకాను.

"వద్దు వద్దు. ఒక్కడికే రాస్తే నేను తగ్గినట్టుంటుంది. అందరికీ పోనీ."

పోయింది. ఆయన లేచి కండువా సర్దుకుని, ఇది ఇలాగే ఉండనిచ్చి, రేట్లూ వ్యాపారం సంగతులకి వేరే లిస్టు పెట్టమన్నారు. అందులో తాను తప్ప ఎవరూ కులాసాలు అడగకూడదట. గుమ్మం దగ్గర ఆగి, "ఈ అబ్బాయి ఇక్కడే ఉంటాడుగా?" అన్నారు.

"ఎక్కడికి పోతాడండీ" అన్నాడు మావయ్య.

ఆ రెండు ముక్కల కంటే గొప్ప మాట నా పెళ్ళి మంత్రాల్లో కూడా వినలేదు. బయటికొచ్చి రెండు గ్లాసుల నిమ్మసోడా తాగాను. ఎదురుగా గూడెం బస్సు వెళ్తుంటే, లోపల తెలిసినవాళ్ళెవరో ఉన్నట్టు చెయ్యి ఊపాను. గట్టు తగవు మాత్రం తీరలేదు లెండి. కాకపోతే ఆ తర్వాతి పెళ్ళిలో బావలిద్దరూ ఒకే బంతిలో కూర్చున్నారని విన్నాను (మధ్యలో ఒక విస్తరి ఖాళీ వదిలి).

ఇప్పుడు నాకు సొంత షాపుంది, కంటికి అద్దాలున్నాయి, తల మీదే ఏమీ లేదు. మొన్న ఏదో సామాను తెప్పించుకుంటే, మీ పార్సిల్ అందజేశాం అని ఫోనుకి మెసేజి వచ్చింది. అలవాటు కొద్దీ "అందిందండి, మీరు కులాసానా?" అని కొట్టి పంపాను. మా అమ్మాయి చూసి పొట్ట పట్టుకుని నవ్వింది. అటువైపు మనిషి ఉండడు నాన్నా, అది మెషీను అని చెప్పింది. ఆ మాత్రం నాకు తెలియదూ, కంప్యూటర్లతోనే బతికినవాణ్ణి అని కసిరాను. అది లోపలికి వెళ్ళాక మాత్రం, ఎందుకైనా మంచిదని, కాసేపు ఫోను చేతిలోనే పెట్టుకు కూర్చున్నాను.