నలభై మంది సిపాయిల ఒంటిరంగు

కప్తాను సాబు ఫౌజులోని నలభై మంది సిపాయిలకు ఒంటిరంగు వేసింది మా బాపు కాదు, నేను. ఈ మాట ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు, నా డైరీకి తప్ప. ఆ డైరీ కూడా బియ్యం డబ్బా వెనక ఉంటుంది కాబట్టి అది చెప్పిన లెక్కలోకి రాదు. మీరు నవ్వుకోండి, నాకేం పరవాలేదు. యుద్ధం మొదలుకాకముందే ఒక సైన్యం మొత్తాన్ని ఒంటిచేత్తో పడగొట్టిన ఘనత నిర్మల్ పట్టణంలో నాకొక్కదానికే ఉంది. అప్పుడు నాకు పదిహేడేళ్లు.

మా బాపు నర్సయ్య బొమ్మల కార్ఖానాలో ఒంటిరంగు మనిషి. అక్కడ ఒకరు పొణికి కర్ర చెక్కుతారు, ఒకరు చింతగింజల లప్పం పూస్తారు, ఒకరు బట్టలకు రంగు వేస్తారు. మొహాలకూ చేతులకూ రంగు కలిపేది మాత్రం బాపు ఒక్కడే. ఆయన పద్ధతి చాలా సులువు. కలిపిన రంగు ఒక చుక్క తన ముంజేతి మీద పెట్టుకుంటాడు. చుక్క కనిపిస్తే రంగు తప్పు. చర్మంలో కలిసిపోయి కనిపించకుండా పోతే రంగు ఒప్పు. ఇరవై ఏళ్లుగా కార్ఖానాకు ఆ ముంజేయే కొలత. నిర్మల్ నుంచి ఊరూరికీ పోయిన రైతు బొమ్మలు, పాలమ్మే ఆడవాళ్లు, డప్పు కొట్టేవాళ్లు, అందరిదీ మా బాపు చేతి రంగే. మాకు దేశమంతా చుట్టాలున్నారని చిన్నప్పుడు అనుకునేదాన్ని.

ఆ ఏడు ఎండాకాలం బాపు మంచం పట్టాడు. తిండి సయించదు, లేస్తే కళ్లు తిరుగుతాయి. సరిగ్గా అప్పుడే ఆదిలాబాదులో పింఛను పుచ్చుకుంటూ కాలక్షేపం చేస్తున్న ఒక కప్తాను సాబు కార్ఖానాకు ఆర్డరు పంపాడు. ఆయనకు బల్ల మీద ఇసుక పోసి, అట్టతో కోట కట్టి, పాచికలు వేసి పాతకాలం యుద్ధాలను మళ్లీ ఆడడం సరదా. కాకతీయుల నాటి కాలిబంట్లు నలభై మంది కావాలి, ఒక్కొక్కడు చూపుడువేలంత. బొమ్మల్లా మెరిసే మొహాలు వద్దు, ఎండలో తిరిగిన మనుషుల చర్మంలా ఉండాలి, కళ్లకు కూడా సున్నం లాంటి తెలుపు పెట్టవద్దు అని ఉత్తరంలో రాశాడు.

కార్ఖానా నడిపే గంగన్న మేస్త్రి, ఒంటిరంగు తప్ప అన్నీ పూర్తయిన ఆ సిపాయిల మూట తెచ్చి మా అరుగు మీద పెట్టాడు. బాపు లోపలి గదిలోంచే మాట్లాడాడు.

"ఏం నర్సయ్యా, బయటికి రావా?"

"పనిల ఉన్న మేస్త్రీ. ఆడ పెట్టిపో."

"కార్ఖానకు రాక పదొద్దులాయె. పానం మంచిగ లేదా ఏంది? చెప్తే ఇంకో మనిషిని చూసుకుంట."

"నా పానానికేమైంది? గుండు లెక్కున్న. ఇంట్ల సల్లగుంటదని ఈన్నే చేస్తున్న."

గుండులాంటి మనిషి ఆ రెండు ముక్కలు అనడానికి గోడ పట్టుకున్నాడు. కార్ఖానాలో ఆయన పీట మీద ఒకసారి ఇంకొకరు కూర్చుంటే మళ్లీ అది తనకు దక్కదని బాపు భయం. ఆయన జబ్బు మాట గడప దాటకూడదని మా ఇంట్లో అందరికీ ఆజ్ఞ. అందరం అంటే నన్ను కన్న అవ్వా, నేనూ.

మేస్త్రి చెప్పుల చప్పుడు వీధి మలుపు తిరిగాక బాపు నన్ను పిలిచాడు.

"కుంచె పట్టు బిడ్డా."

నేనా! అప్పటిదాకా నేను వేసింది బొమ్మ ఎడ్లబండ్ల మీద పువ్వులు. పైగా నా సిగ్గు సంగతి మీకు తెలియదు. మగవాడి మొహం పూర్తిగా చూసిన పాపాన పోలేదు. గ్రంథాలయంలో పుస్తకాలిచ్చే ఆయన్ను రెండేళ్లుగా చెప్పులను బట్టి గుర్తుపడుతున్నాను. ఆయన కొత్త చెప్పులు కొన్ననాడు ఎవరో అనుకుని పుస్తకం అడగకుండానే తిరిగొచ్చాను.

"మగోళ్ల మొకం రంగు నాకేం తెలుస్తది బాపూ?"

"మొకాలెందుకే? నా చెయ్యి లేదా? చుక్క పెట్టు. కనవడ్తె మల్ల కలుపు. కనవడకుంటె ఆపు."

బాపు చెప్పిన పాళ్లలోనే కలిపి, ఆయన ముంజేతి మీద చుక్క పెట్టాను. దోమ కుట్టినట్టు ఎర్రగా తేలింది.

"ఎరుపెక్కువైంది బాపూ."

"తగ్గించు. పసుపు జర పెంచు."

పెంచాను. ఇంకా కనిపించింది. మళ్లీ పెంచాను. బాపుకు కళ్లు మసకలు, చూడలేడు. ఆ గదిలో ఉన్నది అరచేయంత కిటికీ. జ్వరం దిగుతుందని అవ్వ రోజూ పసుపునీళ్లతో ఆయన ఒళ్లు తుడిచేది. దుప్పటి పసుపు, తలగడ పసుపు, తుడిచిన గుడ్డ పసుపు. ఆ గదిలో పచ్చగా లేని వస్తువు ఉంటే అదే వింత. మూడో రోజుకు పసుపు రంగు డబ్బా అడుగంటింది. అప్పుడు పెట్టిన చుక్క, మీరు నమ్మండి, నీళ్లలో ఉప్పులా మాయమైంది. చెయ్యి అటూ ఇటూ తిప్పి వెతికినా కనబడలేదు.

ఆ రోజు డైరీలో ఇలా రాశాను: "చుక్క మాయమైంది. నేను బాపు అంతటిదాన్ని అయ్యాను." ఆ పొగరుతోనే నలభై మందికీ రంగు వేశాను. చదివిన చరిత్ర పుస్తకాల్లోంచి తలా ఒక పేరు పెట్టాను. ఒకడికి పెళ్లి కుదిర్చాను, ఒకడికి అత్తతో పడకుండా చేశాను. కళ్ల తెలుపు కోసం బాపు రెప్పలు వేలితో ఎత్తి, లోపలికి తొంగి చూసి, అచ్చం అదే రంగు కలిపాను. ఇంత శ్రద్ధగా చూసిన కూతురు ప్రపంచంలో ఉండదు. ఇంత గుడ్డిగా చూసింది కూడా ఉండదు.

అవ్వ జొన్నరొట్టె చేస్తూ చేస్తూ వచ్చి, చాటలో ఆరబెట్టిన సిపాయిల ముందు నిలబడింది.

"ఏందే, గిట్ల మగ్గిన మామిడిపండ్ల లెక్కున్నరు?"

"అసలు మనిషి రంగు గిదే అవ్వా. నీకు తెల్వదు."

"ఏమో తల్లీ, సదువుకున్నదానివి."

ఇరవై ఏళ్ల నమ్మకంతో మేస్త్రి డబ్బా తెరవకుండానే సైన్యం ఆదిలాబాదుకు తరలిపోయింది. వారం తిరక్కుండానే గంగన్న మేస్త్రి పొద్దున్నే ఊగిపోతూ వచ్చాడు. నలుగురు సిపాయిలను జేబులోంచి తీసి అరుగు మీద వరుసగా నిలబెట్టాడు.

"నర్సయ్యా! బయటికి రా! ఇయ్యాల రాకుంటె నేనే లోపలికొస్త!"

"ఏమైంది మేస్త్రీ?"

"ఏమైందా? కప్తాన్ సాబు డబ్బా తెరిచి ఏమన్నడో ఎర్కేనా? 'మేస్త్రీ, గిది ఫౌజా, దవాఖానా?' అన్నడు. ఒక్కనికన్న కామెర్లు లేకుండ లేవట! కండ్లు గూడ పచ్చగేసినవట! 'కత్తులెందుకిచ్చినవ్, పథ్యం కూడు గిన్నెలియ్యకపోయినవా' అని పదిమందిల నా మొకం మీద నవ్విండు!"

నేను తలుపు వెనక నక్కి వింటున్నాను. "నేనే వేశాను" అన్న మాట గొంతు దాకా వచ్చి, నా అలవాటు ప్రకారం అక్కడే కూర్చుంది. అప్పుడు బాపు లేచాడు. నెల తర్వాత మొదటిసారి గడప దాటి ఎండలోకి వచ్చాడు. నా పేరు ఎత్తలేదు.

"నేనే ఏసిన మేస్త్రీ. నా రంగు తప్పదు. చేతి మీద చుక్క పెట్టి చూస్కునే ఏసిన. కావాలంటె చూడు."

అని ఒక సిపాయిని తీసి తన ముంజేతి మీద పడుకోబెట్టాడు.

ఎంత చక్కగా సరిపోయిందంటే, సిపాయి చెయ్యి ఎక్కడ ఆగిందో, బాపు చెయ్యి ఎక్కడ మొదలైందో తెలియలేదు. ఆ ఎండలో నా పనికి వంక పెట్టేవాడు లేడు. మేస్త్రి సిపాయిని చూశాడు, చేతిని చూశాడు, తలెత్తి బాపు కళ్లలోకి చూశాడు. కోపం ఎటు పోయిందో.

"సిపాయి మంచిగనే ఉన్నడు నర్సయ్యా," అన్నాడు మెల్లగా. "నీకెన్నొద్దులైంది గిట్లయి?"

అవ్వ డాక్టరు కోసం వీధిలోకి ఉరికింది. నేను తలుపు వెనకనే ఉండిపోయాను.

డాక్టరు వచ్చి చూసి, కాలేయం చెడింది, నెల ముందు చూపిస్తే వేరుగా ఉండేది అన్నాడు. ఆ నెలలోనే నేను సైన్యాన్ని తయారుచేశాను. మొదటి రోజే రంగు కుదరక పని ఆగి ఉంటే మేస్త్రి అప్పుడే తిట్టడానికి వచ్చేవాడు, అప్పుడే చూసేవాడు. నా తప్పు ఏమిటంటే నేను తప్పు చేయకపోవడం. రంగు ఎంత బాగా కుదిరిందంటే బాపు జబ్బు నలభై సార్లు వేశాను, ఒక్కసారి కూడా చూడలేదు.

కప్తాను సాబు మాత్రం ఫౌజును వదులుకోలేదట. ముట్టడిలో చిక్కి, తిండి లేక రోగాలు పట్టిన కోట కాపలా అని చెప్పి ఆడుతున్నాడట. వచ్చినవాళ్లందరూ ఎంత నిజంగా ఉన్నారో అని మెచ్చుకుంటున్నారట. మా ఇంట్లో ఆ కబురు విని ఎవరూ నవ్వలేదు. మీరు నవ్వితే నేను తప్పుపట్టను.

కాబట్టి నిర్మల్ కుంచెలన్నిటి సాక్షిగా ఇందుమూలంగా ప్రమాణం చేస్తున్నాను: ఇకమీదట ఏ మనిషి చేతినీ చీకటి గదిలో కొలతగా తీసుకోను. ముందు ఆ మనిషిని ఎండలోకి పిలుస్తాను, తిన్నావా అని అడుగుతాను, మొహంలోకి చూస్తాను. రంగు సంగతి ఆ తర్వాత.

మేస్త్రి తోడుగా బాపు హైదరాబాదు పెద్ద దవాఖానకు బస్సెక్కాడు. ఆ బస్సులో పోయిన మనిషి తిరిగి రాలేదు. బస్సు కదిలే ముందు నేను కిటికీ చువ్వలు పట్టుకుని, నేనే చేశాను బాపూ అని ఏదో చెప్పబోయాను. బాపు చెయ్యి బయటికి చాచి నా గడ్డం పైకెత్తాడు. పట్టపగటి వెలుగు ఆయన మొహమంతా పరుచుకుంది. ఎన్నడూ చూడనంత సేపు ఆ మొహం చూశాను. ఆయన నవ్వాడు.

"చూసినవు తియ్. గని రేపు నన్ను యాది చేస్కుంటె గీ రంగుల చేస్కోకు బిడ్డా."