అవ్వకు తప్ప అందరికీ తెలిసిన జబ్బు

ఆనాడు ఉట్నూర్‌ల నేను పాఠాలు చెప్పే బడి ఇడిచిపెట్టినంక నా ఫోన్ మోగింది. చూస్తే అవ్వ నంబర్. ఎత్తితే అవతల గాలి ఊదినట్టు ఒక గొంతు. "ఎవలు మాట్లాడేది?" అన్న. "నీ అవ్వనే బిడ్డా, ఇంకెవలు?" అన్నది. కోర్టుల వాదించుకుంట వాదించుకుంటనే గొంతు పోయిందట. జర గట్టిగ మాట్లాడుమని జడ్జి సారు అడిగితే, ఎంత జోరు చేసినా రాలేదట. అవ్వ నవ్వుకుంటనే చెప్పింది. నాకైతే నవ్వు రాలే. మా అవ్వ వాకిట్ల నిలబడి పిలిస్తే మందమర్రి కాలనీల మా ఇండ్ల లైను చివరిదాక వినవడేది.

నన్ను కన్న అవ్వ గురించి జర చెప్పాలె. మా బాపు బొగ్గు గనిల పనిచేసేటోడు. నా చిన్నప్పుడే గనిల ప్రమాదమై పోయిండు. ఆయన కొలువు అవ్వకు రావాలె. ఆఫీసుల చుట్టు తిప్పి తిప్పి యాష్టకు తెచ్చినంకనే ఇచ్చిన్రు. కొలువైతే వచ్చింది గని అవ్వ కోపం పోలే. కొన్నేండ్లు చేసి, ఇగ నాతోని గాదని ఇడిచిపెట్టి, నన్ను తీసుకొని కరీంనగర్‌ల తన తమ్ముడు, మా మామ ఇంటికి పోయి లా చదివింది. వకీలు సనదు రాంగనే మళ్ళ మందమర్రికే వచ్చి కూసున్నది. గనిల మొగోళ్ళను పోగొట్టుకున్న ఆడోళ్ళ కేసులే ఎక్కువ పట్టేది. పగలు కోర్టు, సాయంత్రం మా వాకిట్ల మహిళా సంఘం. తాగొచ్చి కొట్టినోడైనా, పిల్లను బడి మాన్పించినోడైనా ఆ వాకిట్లకు రావాల్సిందే. నాకు అన్నం వడ్డించుకుంట గూడ ఎవలదో ఒగలది పంచాది తెంపేది. "నీతోని మాట్లాడాల్నంటే నేను గూడ కేసు వెయ్యాల్నా?" అని కొట్లాడేదాన్ని.

గొంతు సంగతి ఎవలూ పట్టించుకోలే. మా దిక్కు దగ్గుకు, గొంతు గీరకు లెక్కేలేదు. బొగ్గు దుమ్ము, ప్రతి ఇంట్ల ఉండేదే అంటరు. అవ్వ గూడ అదే అన్నది. మిరియాల పాలు తాగింది, అల్లం నమిలింది. సెలవులకు నేను పోయి చూస్తే నాలుగు మెట్లెక్కంగనే ఆయాసపడుతుంది. కొట్లాడి మరీ ENT డాక్టర్ కాడికి తీస్కపోయిన. ఆయన గొంతులకు సన్న కెమెరా పంపి చూసి, "ఎడమ వోకల్ కార్డ్ కదలట్లేదు. ప్రాబ్లం గొంతులో లేదమ్మా, దాని నరం ఛాతీలోంచి వస్తుంది. సీటీ స్కాన్ చేయించండి" అన్నడు.

స్కాన్, బయాప్సీ కరీంనగర్‌ల అయినయ్. మామ అన్నీ ముందలుండి చూసుకున్నడు. రిపోర్టు వచ్చిన్నాడు, పేషెంట్‌ను బయట కూసోబెట్టి వెంట వచ్చినోళ్ళనే లోపలికి రమ్మన్నరు. లంగ్ క్యాన్సర్, స్టేజ్ ఫోర్ అన్నడు డాక్టర్. "క్యూర్ అని చెప్పలేను. కీమోతో కంట్రోల్ చేద్దాం." అవ్వ జన్మల బీడీ ముట్టలే. గదే అడిగిన. ముట్టనోళ్ళకు గూడ వస్తదన్నడు.

తలుపు తీసే ముందు మామ నా చెయ్యి గుంజి తన నెత్తి మీద పెట్టుకున్నడు. "బిడ్డా, అక్కకు చెప్పినవంటే నా మీద ఒట్టు. తెలిస్తే ఆ రందికే పోతది." బయటికొచ్చి, లంగ్స్‌ల నీళ్ళు చేరినయ్, ఇన్‌ఫెక్షన్, పెద్ద సూదులు ఇస్తరు అని సాఫీగ చెప్పిండు. అవ్వ ఆయన దిక్కు చూడలే, నా మొహం దిక్కు చూసింది. మందులు తెస్తనని నేను ఆడికెళ్ళి జారుకున్న.

ఇగ మొదలైంది మా దొంగ సంసారం. ఫైలు మామ దగ్గరే. కీమో వార్డుల గాకుంట పైన వేరే రూముల ఎక్కించేటట్టు మాట్లాడిండు. నర్సులకు గూడ చెప్పిపెట్టిండు. ఈ కీమోకు జుట్టు అంతగ ఊడదని డాక్టర్ అంటే, అక్క నయమైనంత సంబరపడ్డడు. ఇంటికి జనం రాకుండ చూడుమని, సంగతి మా పక్కింటి రాజవ్వ చెవుల వేసిండు. రాజవ్వ సంఘంల అవ్వకు కుడిభుజం. తెల్లారేసరికి కాలనీ అంతటికీ తెలిసింది. అవ్వ ముందట ఒక్కలు నోరు జారలే. పంచాదులు బందైనయ్. మా వాకిలి బోసిపోయింది.

కొత్తగ కేసు తెచ్చిన కనకమ్మ ఒక్కతికి తెల్వదు. ఆమెది వేరే ఊరు. ఆమె మొగడు గనిల పోయిండు. ఈమె లగ్గం చేసుకున్న పెండ్లామే కాదని మరుదులు అడ్డం పడ్డరు. గెలిస్తే కొలువు, ఓడితే పిల్లలను తీసుకొని రోడ్డు మీదికే. అవ్వ ఆ కేసు పట్టుకున్నది, వకాలత్ మీద సంతకం చేసింది. ఆ కలం గుంజుకోవాల్ననిపించింది నాకు. మామకు ఫోన్ చేసి, "ఈ కేసు ఎన్నాళ్ళు నడుస్తదో ఏమో, మధ్యల ఆ ఆడిమనిషి ఏం గావాలె?" అని అడిగిన. కేసులు ఎవలన్న చూస్తరు, మనకు అక్కనే ముఖ్యమన్నడు. అవ్వకు ఆ కేసు కన్న ముఖ్యమైంది లేదన్న సంగతి మామకు ఎట్ల చెప్పాల్నో నాకు తెల్వలే.

ఒక సోమారం సాయంత్రం రాజవ్వ నలుగురు ఆడోళ్ళను వెంటబెట్టుకొని వచ్చింది. "అక్కా, వచ్చే సోమారం ఎములాడ గుడికి పోదాం. నీ పేరు మీద రాజన్నకు కోడె మొక్కినం. నువ్వే తాడు పట్టుకొని గుడి చుట్టు తిప్పాలె" అన్నది.

ఎవలెవలు మొక్కిన్రని అవ్వ అడిగింది.

"మన లైనంత. ఇంటికొక కోడె."

అవ్వ చేతిల చాయ్ గ్లాసు కింద పెట్టింది. "గొంతు పోతే ఇంటికొక కోడె మొక్కుతరా, రాజవ్వా?"

రాజవ్వ కొంగు నోట్లె కుక్కుకున్నది. వాళ్ళను పంపినంక అవ్వ తలుపు దగ్గరికేసి నన్ను ఎదురుంగ కూసోమన్నది.

"అడిగినదానికి అవును, కాదు అని చెప్పు. కథలొద్దు. క్యాన్సరేనా?"

మామ నెత్తి నా కండ్ల ముందట కనవడ్డది. "అవును" అన్న.

"నయమైతదా?"

"కాదు."

"ఎన్నాళ్ళుంట?"

"అది అవును కాదు ప్రశ్న గాదే అవ్వా" అన్న, అనుకుంటనే ఏడ్చిన. అవ్వ ఏడువలే. కోపానికొచ్చింది. "నాకు అనుమానం ఉండె. ఆధారం దొరకనియ్యి అని ఊకున్న. నీకు తెలుసు, నీ మామకు తెలుసు, లైనంతకు తెలుసు. కనకమ్మకు తెలుసా? తెల్వది. మరి నన్ను ఆమె కాడ వకాలత్ ఎట్ల తీసుకోనిచ్చిన్రే?"



ఎములాడ పోయినం. ఒక కోడెను తిప్పేసరికే అవ్వకు దమ్ము అందలే, అరుగు మీద కూసున్నది. మిగిలినయి మొక్కినోళ్ళే తిప్పుకొమ్మన్నది. తర్వాత దవాఖానకు పోయినప్పుడు తనే లోపలికి నడిచింది. డాక్టర్ మా మామ మొహం దిక్కు చూసిండు. "అటెందుకు చూస్తరు సార్? పేషెంట్‌ను నేను" అన్నది. మందు పట్టితే ఏడాది, ఇంకొంచెం ఎక్కువ, పట్టకపోతే నెలలే అని డాక్టర్ నిమ్మళంగ చెప్పిండు. కోర్టుల నిలబడే రోజులు ఎప్పుడుంటయని అవ్వ అడిగింది. "కీమో అయిన వారం వద్దు. ఆ తర్వాత వారం పెట్టుకోండి" అన్నడు. ఆనాటి సంది వాయిదాలు, కీమోలు ఒకదాన్ని చూసి ఒకటి పెట్టుకున్నది. కక్షిదారులను ఒక్కొక్కలనే పిలిచి, సంగతి చెప్పి వేరే వకీళ్ళకు ఒప్పజెప్పింది. కనకమ్మను గూడ పొమ్మన్నది. ఆమె కదలలే. అయితే ఇంకో వకీలమ్మను గూడ పక్కన పెట్టుకుంటనన్నది అవ్వ, ఆ షరతు మీదనే కేసు తన దగ్గర ఉంచుకున్నది.

మందు మొదట్ల పట్టింది. ఎండకాలం వచ్చేసరికి మళ్ళ ఛాతీల నీళ్ళు. గొట్టమేసి తీసిన్రు. రక్తంల కౌంట్స్ పడిపోయి జ్వరమొస్తే అడ్మిట్ చేసినం, ఒక వాయిదా పోయింది. ఇటు ఎదుటి వకీలు ఏదో ఒక సాకు చెప్పి వాయిదా మీద వాయిదా అడుగుతుండు. ఎందుకో అందరికీ ఎరుకనే. మళ్ళ వాయిదా నాడు, వద్దన్నా వినకుండ అవ్వ పోయింది. నేను ఆక్సిజన్ సిలిండర్ పట్టుకొని వెనుక బెంచి మీద కూసున్న. అవ్వ గొంతు నాకే వినవస్తలేదు. జడ్జి సారు ఆమెను దగ్గరికి పిలిచి, ఆ ఎండల ఫ్యాన్లు బంద్ చేయించిండు. అప్పుడు వినవడ్డది.

"వారు వాదిస్తలేరు సార్. నేను పోవుడు కొరకు చూస్తున్నరు."

ఎదుటి వకీలు తల వంచుకున్నడు. ఆనాడే వాదనలు పూర్తయినయ్.

తీర్పు వచ్చేటాలకు అవ్వ మంచం దిగుతలేదు. కనకమ్మ గెలిచింది. వచ్చి కాళ్ళు పట్టుకొని ఏడుస్తుంటే, అవ్వ ఆమెను గాదు, నన్ను చూసి పెదవులు కదిపింది. చెవి ఆనించిన. "అప్పీలుకు పోతరు. రేపే కేవియట్ వేయించు" అన్నది. మన మాట వినకుండ పైకోర్టు స్టే ఇయ్యద్దని ముందే వేసి పెట్టేది అది. తెల్లారి ఆ వకీలమ్మతోని వేయించిన. వాళ్ళు అప్పీలుకు పోనే పోయిన్రు, స్టే దొరకలే. అప్పటికి అవ్వ లేదు. దినాల నాడు మామ నా పక్కన కూసోని, తెలిస్తే ఆ రందికే పోతదనుకున్న గదనే, తెలిసినంక ఏడాది మీదనే ఉన్నది గద అన్నడు. ఆయన మీద నాకు కోపం లేదు. ఆయనకు అక్క కావాలె, గంతే.

కనకమ్మ ఇప్పుడు కొలువు చేస్తుంది. నేను ఉట్నూర్‌ల పాఠాలు చెప్పుకుంటున్న. సాయంత్రం ఫోన్ మోగితే ఇంకా అవ్వనేమో అనిపిస్తది. మొన్న మా బడిల తోటి టీచర్ ఏడ్చుకుంట వచ్చింది. వాళ్ళ నాయిన రిపోర్టు వచ్చిందట, ఆయనకు చెప్పద్దని ఇంట్ల అందరం అనుకున్నమన్నది. మీకు గూడ నేను చెప్పేది ఆమెకు చెప్పిన మాటనే. డాక్టర్‌ను పక్కన పెట్టుకొని, మెల్లగ, ముందు ఆయనకే చెప్పు.

"ఆయన పూర్తి చేసుకోవాల్సిన పని ఏమున్నదో నీకు తెలుసా?" అని అడిగిన.

తెల్వదన్నది.

"ఆయనకు తెలుసు" అన్న.